పాలకొల్లు దాకా ఊపిరి

మా బావగారికి గుండెలో వాల్వు మార్చింది తొంభైల చివర్లో. చిన్నతనంలో వచ్చిన కీళ్ళ జ్వరం గుండెను పట్టుకుని, నలభై దాటేసరికి ఒక వాల్వును పూర్తిగా పాడుచేసింది. దాన్ని తీసేసి లోహంతో చేసింది పెట్టారు. అప్పటినుంచి ఆయన పక్కన కూర్చుంటే చేతి గడియారం కొట్టుకుంటున్నట్టు సన్నగా చప్పుడు వినపడేది. కొత్తవాళ్ళు ఆయన మణికట్టు వైపు చూసేవారు. అక్కడ వాచీ ఉండేది కాదు.

"లోపల పెట్టుకున్నానండి. బయట పెట్టుకుంటే చేలో బురదవుతుందని," అనేవారు.

ఆయనది పాలకొల్లుకి దిగువన, కాలవ చివర్న ఉన్న ఊరు. శివారు భూములు. కాలవలకి నీళ్ళు వదిలారన్న వార్త ముందు పేపర్లో వస్తుంది, ఆ తర్వాత నీళ్ళు ఎగువ ఊళ్ళ చేలల్లోకి వస్తాయి, మిగిలితే మా బావగారి చేలోకి వస్తాయి. అందుకని ఆయన గీతలు గీసిన వెదురు బద్ద ఒకటి సైకిలుకి కట్టుకుని తిరిగేవారు. తూము దగ్గర దాన్ని నీళ్ళలో దింపి, తడిసిన గీత చూసి, అప్పుడే నోరు విప్పేవారు. నీటి సంఘం మీటింగుల్లో ఎవరైనా నీళ్ళు అస్సలు రావడం లేదని గట్టిగా అరిస్తే, "అస్సలు అంటే ఎంతండీ?" అని అడిగి కూర్చోబెట్టేవారు. నేను రాజమండ్రిలో పేపరుకి పనిచేసేవాణ్ణి. కాలవల వార్తలు చాలావరకు నేనే రాసేవాణ్ణి. పొద్దున్నే ఫోను మోగిందంటే ఆయనే అయి ఉండేవారు. "ఏం బావమరిదీ, శివారుకి పుష్కలంగా నీళ్ళని రాశావు. ఆ పుష్కలం ఏ గట్టు మీదనుంచి చూశావేంటి?"

అలాంటి మనిషి ఒక ఏడాది సార్వా పంట కోతల ముందు గట్టెక్కడానికి ఆయాసపడ్డారు. రెండడుగులు వేసి, చేను చూస్తున్నట్టు నిలబడిపోయేవారట. మా అక్క అది కనిపెట్టి, బలవంతాన రాజమండ్రి తీసుకొచ్చింది. ఎకో తీసిన డాక్టరు గారు వాల్వు రెక్కలు బాగానే తెరుచుకుని మూసుకుంటున్నాయన్నారు. తేడా పక్కన వచ్చింది. వాల్వు చుట్టూ ఉండే రింగుని గుండెకి కుట్టినచోట ఒక పక్క కుట్టు వదిలి, సందు పడింది. గుండె పైకి నెట్టిన రక్తంలో కొంత ఆ సందులోంచి మళ్ళీ వెనక్కి కారుతోంది. మళ్ళీ ఆపరేషను చేయాల్సి రావచ్చన్నారు.

"ఎంత కారుతుందండీ?" అని అడిగారు మా బావగారు.

"బాగానే ఉందండీ," అన్నారు డాక్టరు గారు.

ఇంకో డాక్టరు మాట కూడా తీసుకుందామని కాకినాడ వెళ్ళాం. అక్కడి డాక్టరు గారు కూడా ఎకోనే తీశారు. లీకు ఉన్న మాట నిజమేగానీ ఓ మోస్తరుగానే ఉందని, మందులు మార్చి ఆరు నెలలు చూడవచ్చని అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే. తేడా ఎక్కడొచ్చిందని అడిగితే కాకినాడాయన ఓపిగ్గా చెప్పారు. ఎకోలో శబ్ద తరంగాలు లోహానికి తగిలి ఆగిపోతాయి, దాని వెనక నీడ పడుతుంది. సందు ఆ నీడలో ఉంది. కనపడినంత మేర చూసి, కనపడని దాన్ని అంచనా కట్టాల్సి వస్తోంది.

తిరుగు బస్సులో మా బావగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "ఒకాయన బాగా అంటాడు, ఒకాయన ఓ మోస్తరంటాడు. దీన్నిబట్టి నా ఛాతీ కోయించుకోవాలా, మానుకోవాలా?" అన్నారు. మా అక్క ఆయన వైపు చూడకుండానే జవాబిచ్చింది. మొదటాయన చెప్పిందే ఖాయమని, ఎంత కారుతుందో తెలుసుకుని చేసేదేముందని, ఆలస్యమైతే గుండె సాగిపోతుందని ఆయన చెప్పలేదా అని.

అక్క నాతో విడిగా చెప్పింది వేరు. ఆయనకి మొదటి ఆపరేషను గుర్తొస్తోందిట. ఛాతీ ఎముక కోసి మళ్ళీ కట్టారు. ఇంటికొచ్చాక దగ్గు వస్తే తలగడ గుండెకి అదుముకుని ఏడ్చేవారు. అది నేనూ చూశాను. "కొలవాలి, కొలవాలి అంటున్నారు కదరా. అది కొలత కోసం కాదు, వాయిదా కోసం," అంది. నాకూ అలాగే అనిపించింది.

హైదరాబాదులో గుండెకి ఎంఆర్ఐ తీసే డాక్టరు గారు ఒకరున్నారని మా ఆఫీసులో తెలిసినవాళ్ళు చెప్పారు. అప్పటికి మా వైపు ఎంఆర్ఐ అంటే తలకీ వెన్నుపూసకీ తీసేదే. గుండెలో లోహం ఉన్న మనిషిని అందులో పడుకోబెట్టడమన్న మాట వినగానే ఊరంతా హడలిపోయింది. అది మామూలు అయస్కాంతం కాదని, సిలిండర్లనే లాగేసుకుంటుందని, వాల్వుని లెక్కచేస్తుందా అని పక్క చేను రైతు అడిగాడు. "ఛాతీ చీల్చకుండానే బయటికొచ్చేస్తుందన్నమాట. డాక్టరుకి శ్రమ తగ్గింది," అన్నారు మా బావగారు. మా అక్క నవ్వలేదు. రాజమండ్రిలో ఒక స్కానింగ్ సెంటరుకి ఫోను చేసి అడిగితే, గుండెలో ఏది ఉన్నా తలుపు దగ్గరికే రానివ్వం అన్నారు. చివరికి ఆపరేషను చేసిన ఆసుపత్రికే ఫోను చేశాను. ఏ రకం వాల్వో చూసి చెప్పారు. అయస్కాంతం అంతగా లాగే లోహం కాదది, ఇలాంటి వాల్వులున్న వాళ్ళకి తీస్తున్నారు, భయం లేదు, పేస్‌మేకరు ఉంటే మాత్రం వేరే సంగతి అన్నారు. మా అక్క నన్ను పక్కన నిలబెట్టుకుని ఇంకోసారి ఫోను చేయించి, తన చెవులతో విన్నాక ఒప్పుకుంది.

ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. నేను సాక్షిని.

"మీరడిగిన కొలత వస్తుంది. ఎక్కువని వస్తే కోయించుకోవాలి. అప్పుడు ఇంకో డాక్టరు, ఇంకో మిషను అనకూడదు."

"అనను," అన్నారాయన.

హైదరాబాదులో డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఎంఆర్ఐలో కూడా వాల్వు ఉన్నచోట నల్లటి మచ్చే వస్తుంది, లోహం అక్కడి బొమ్మని పాడుచేస్తుంది. అయితే వాల్వు దగ్గర కొలవనక్కర్లేదు. దానికి కొంచెం పైన, పెద్ద రక్తనాళం తిన్నగా వెళ్ళేచోట అడ్డంగా ఒక ముక్క చూస్తారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ ముక్కలోంచి పైకి వెళ్ళింది ఎంత, కిందకి తిరిగొచ్చింది ఎంత అన్నది మిషను లెక్క కడుతుంది. మా బావగారు కుర్చీలో ముందుకు జరిగారు. తూము ముఖం దగ్గర నీళ్ళు సుడి తిరుగుతాయి కాబట్టి తామూ అక్కడ బద్ద దింపబోమని, కాస్త ఎడంగా కాలవ నికరంగా పారేచోట చూస్తామని చెప్పారు. డాక్టరు గారు తల ఊపి, బొమ్మ కాగితం ఆయనకే ఇచ్చేశారు.

స్కానుకి ముందు ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. ఉంగరం వచ్చింది, మొలతాడు దగ్గర చిక్కొచ్చింది. ఆయనది వెండి మొలతాడు. అది తీసి లోపలికి వెళ్ళడానికి అక్క ఒప్పుకోలేదు. మా వైపు భార్య పోయినవాడికే మొలతాడు తెంపుతారు. "నేనుండగా ఉత్త మొలతో ఎలా పంపుతాన్రా?" అని, సంచిలోంచి నల్లదారం తీసి, పేని, ఆసుపత్రి గౌను కింద తన చేత్తోనే కట్టింది. దారానికి అభ్యంతరం లేదని స్కాను తీసే అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

ఆ అమ్మాయే ఊపిరి గురించి చెప్పింది. బొమ్మ తీస్తున్నంతసేపూ ఊపిరి ఆపాలి. మళ్ళీ మళ్ళీ ఆపాల్సి ఉంటుంది.

"ఆ సంగతి నాకొదిలేయమ్మా," అన్నారు మా బావగారు.

అది ఊరికే అన్న మాట కాదు. వయసులో ఉన్నప్పుడు కాలవలో బిందె పడినా, మోటారు బోల్టు పడినా ఆయన్నే పిలిచేవారు. మునిగితే అడుగంతా తడిమి, గట్టు మీదివాళ్ళు కంగారుపడటం మొదలెట్టాక తేలేవారు.

సరిగ్గా ఆ అలవాటే అడ్డం వచ్చింది. మమ్మల్ని అద్దం ఇవతల కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి మైకులో, "గాలి పీల్చండి, వదిలేయండి, ఇప్పుడు ఆపండి," అంటోంది. మా బావగారు పీల్చారు, వదిలారు, ఆపమనగానే గుండెల నిండా మళ్ళీ పీల్చి బిగబట్టారు. తెరమీద బొమ్మ జరిగిపోయింది. పీల్చి కాదు, వదిలేశాక ఆపాలి అంకుల్ అని చెప్పింది. "ఆయ్," అన్నారు లోపల్నుంచి. మళ్ళీ అలాగే చేశారు. ఆపు అన్న మాట వింటే చాలు, నీళ్ళలోకి దూకబోతున్నవాడిలా ఆయన ఛాతీ పొంగిపోయేది. పొంగిన ప్రతిసారీ గుండె వేరేచోట నిలిచేది. ఊపిరి వదిలేసిన ఛాతీ అయితే దాదాపు ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి ఆగుతుందిట. అందుకే అలా అడుగుతారు. వదిలాక ఆపడానికి ప్రయత్నించినప్పుడు మాత్రం ఆయన ఒక్క క్షణంలోనే ఉక్కిరిబిక్కిరై గాలి లాగేసేవారు. చాలాసేపు తంటాలుపడి, అలిసిపోయి దగ్గడం మొదలుపెట్టాక ఆపేశారు.

బయటికి వచ్చి చొక్కా వేసుకుంటూ, "ఊపిరి లేకుండా ఊపిరి బిగబట్టమంటదేంటయ్యా ఆ పిల్ల? అదెక్కడైనా ఉందా?" అన్నారు నాతో.

డాక్టరు గారు ఆ బొమ్మలు చూపించి, వీటిని నమ్ముకుని కోయమని గానీ మానమని గానీ తాను చెప్పలేనన్నారు. తొడలోంచి గొట్టం పంపి చూసే పరీక్ష ఒకటి ఉంది. లేదా ఇంటిదగ్గర కొన్నాళ్ళు ఊపిరి సాధన చేసి మళ్ళీ రావచ్చు. కూర్చునే చేయాలి, కళ్ళు తిరిగితే ఆపేయాలి. మా అక్క వైపు చూశాను. ఆవిడ మొహంలో, చెప్పానా అన్న మాట కనపడింది. మా బావగారు సాధన చేస్తానన్నారు. ఈ నెలలోనే వస్తానని అడక్కుండానే చెప్పారు.

ఆ తర్వాతి ఆదివారం నేను వాళ్ళ ఊరు వెళ్ళేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. మా అక్క రైల్వే స్టేషన్ల పేర్లు చదువుతోంది. మాది నరసాపురం. చిన్నప్పుడు సెలవులకి నిడదవోలులో మా అమ్మమ్మగారింటికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఒక్కో స్టేషను పేరూ గట్టిగా అంటూ వచ్చేవాళ్ళం. గడియారం చూస్తుంటే ఆయనకి కంగారు ఎక్కువవుతోందని అక్క ఈ పద్ధతి పెట్టింది. ఆయన ఊపిరి పూర్తిగా వదిలేసి చెయ్యెత్తుతారు. ఆవిడ, "నిడదవోలు..." అని మొదలుపెడుతుంది. పాసింజరు బండిలాగే ఒక్కో స్టేషన్లో ఆగి, తీరిగ్గా బయల్దేరుతుంది. తణుకు, అత్తిలి, ఆరవల్లి, భీమవరం, వీరవాసరం, పాలకొల్లు. ఆసుపత్రిలో అడిగినంతసేపు ఆగాలంటే పాలకొల్లు దాటాలి. అది వాళ్ళిద్దరూ ముందే గడియారం పెట్టుకుని చూసుకున్నారు.

మొదట్లో ఆయన తణుకు చేరేవారు కాదు. నేను వెళ్ళిన రోజు అత్తిలి దగ్గర గుప్పున గాలి పీల్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు. ఊళ్ళో అందరికీ సంగతి తెలిసిపోయింది. కాలవకి వెళ్తూ పక్క చేను రైతు గుమ్మం ముందు సైకిలు ఆపి, "ఇవాళ ఎందాకా వెళ్ళారండీ?" అని అడిగాడు.

"అత్తిల్లో దింపేసింది. టిక్కెట్టు అంతవరకేనంట."

"నడిచెళ్ళిపోండి మరి, భీమవరం ఎంత దూరమని."

వారం తిరిగేసరికి ఆరవల్లి దాటారని ఫోనులో చెప్పారు. మరోసారి వెళ్ళినప్పుడు పేర్లు చదివే తీరులో నాకు తేడా అనిపించింది. అక్క భీమవరం, వీరవాసరం గబగబా అనేసి పాలకొల్లు చేరిపోయింది. ఆయన గాలి పీల్చుకుని, తేరుకుని, కళ్ళు తెరిచారు.

"భీమవరంలో బండి ఆగలేదేంటి?"

"ఆగింది. మీరు చూసుకోలేదు."

"ఆగలేదు. ఇక్కడ నన్ను దాటించేస్తే అక్కడ ఆ మిషను ఒప్పుకోదు కదే."

మా అక్క కొంగు సర్దుకుంది. ఆయన పాపం అవస్థపడుతుంటే చూడలేక తొందరపడ్డానంది. ఆయన గుమ్మం వైపు చూసి, నేను ఉన్నానని కూడా అనుకోకుండా ఆవిడతో మాట్లాడారు.

"నాకు కోత అంటే భయమే. నీకు తెలుసు. ఎంత కారుతుందని ఆ భయంతో అడుగుతున్నానో, నిజంగానే అడుగుతున్నానో నాకే తెలియడం లేదు. అది తెలియకుండా బల్లెక్కడం నావల్ల కాదు."

ఆయన మీద తను ఇన్నాళ్ళూ పడ్డ అనుమానాన్ని ఆయనే చెప్పేసరికి మా అక్క ఆయనకి ఎదురుగా జరిగి కూర్చుంది.

"అయితే వదలండి ఊపిరి," అంది. "నిడదవోలు..."

ఆ రోజునుంచి ప్రతి స్టేషన్లోనూ బండి ఆగింది. మునుపటికంటే ఎక్కువసేపే ఆగింది. ఆయన మొహం కందిపోయినా, కింద పెదవి బిగిసినా ఆవిడ పేరు మింగలేదు. కోతలు వచ్చి కళ్ళాల పనులు పడ్డా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అరుగు మీద ఆ పాఠం తప్పలేదు.

నెల ముగిసేలోగా మళ్ళీ హైదరాబాదు వెళ్ళాం. ఈసారి అక్క నల్లదారం ఇంటిదగ్గరే కట్టేసి తీసుకొచ్చింది. అద్దం ఇవతల నేనూ అక్కా నిలబడ్డాం. ఆ అమ్మాయి మైకులో, "పీల్చండి, వదిలేయండి, ఆపండి," అంది. బల్లమీద ఆయన ఛాతీ దిగింది. దిగినచోటే ఉండిపోయింది. మిషను లోపల దడదడ మోత మొదలైంది. నా పక్కన మా అక్క పెదవులు కదులుతున్నాయి. ఆవిడ ఏ ఊళ్ళో ఉందో పెదవులు చూసి చెప్పగలను. వీరవాసరం అంటుండగా ఆయన కాలి బొటనవేలు ఒక్కటి మెల్లిగా బిగుసుకుంది. ఛాతీ కదల్లేదు. మోత ఆగింది. "గాలి పీల్చండి అంకుల్," అంది ఆ అమ్మాయి.

ఇంకోసారి, ఆ తర్వాత ఇంకోసారి తీశారు. మధ్యలో విశ్రాంతి ఇచ్చారు. తెరమీద వాల్వు ఉన్నచోట సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. దానికి పైన తీసిన బొమ్మల్లో నాణెమంత గుండ్రటి నాళం. గుండె కొట్టుకున్నప్పుడు అది తెల్లగా వెలిగేది, ఆ వెంటనే నల్లబడేది. తెలుపు పైకి వెళ్ళే రక్తం, నలుపు వెనక్కి వచ్చేది అని ఆ అమ్మాయి చెప్పింది. నలుపు అంత చిక్కగా ఉండాలా అని అడగబోయి ఊరుకున్నాను. అది చెప్పాల్సింది డాక్టరు గారు.

డాక్టరు గారు ఒక గీత చూపించి మాట్లాడారు. గీత మొదట కొండలా పైకి లేచి, తర్వాత అడ్డగీత కిందకి దిగిపోయి, అక్కడే చాలాసేపు ఉంది. గుండె పైకి నెట్టినదాంట్లో సగానికి కొంచెం తక్కువ తిరిగి లోపలికే వస్తోందన్నారు. దాన్ని మళ్ళీ మళ్ళీ నెట్టి నెట్టి గుండె గది పెద్దదైంది. మందులతో ఆగేది కాదు. సందు మూయాలి, అవసరమైతే వాల్వు కూడా మార్చాలి.

మా బావగారు ఆ గీత మీదకి వంగి చూశారు. కొలతలో తప్పు వచ్చే వీలుందా అని మర్యాదగానే అడిగారు. మూడుసార్లు తీశామని, మూడూ దగ్గర దగ్గరగానే వచ్చాయని డాక్టరు గారు మూడు గీతలూ పక్కపక్కన పెట్టి చూపించారు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆపరేషను చేయించుకోమని పోరింది తనే. ఇప్పుడు ఆయన ఏమంటారోనని కాదు, అంత రక్తం వెనక్కి వస్తుంటే ఆ గట్లన్నీ ఎలా ఎక్కారోనని ఏడ్చానని తర్వాత చెప్పింది.

"ఎప్పుడు రమ్మంటారండీ?" అని అడిగారు మా బావగారు.

రక్తం పలచబడే మాత్రలు ముందుగా మార్చాలి కాబట్టి కొన్ని రోజులు ముందే చేరాలని, సర్జనుగారితో ఇవాళే మాట్లాడవచ్చని, ఇంటికెళ్ళి ఆలోచించుకుని వచ్చినా ఫర్వాలేదని డాక్టరు గారు అన్నారు. ఇంటికెళ్ళి ఆలోచించేదేం లేదన్నారాయన.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టి అదుముకున్నారు. మా అక్క పక్కన కూర్చుని, తప్పుగా పెట్టుకున్న చొక్కా గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది. ఆయన నా సెల్‌ఫోను అడిగి, పక్క చేను రైతుకి చేశారు. రెండో పంట దాళ్వాకి తన వాటా విత్తనాలు నానబెట్టొద్దని, ఈ పంటకి తన చేను కూడా అతన్నే చేసుకోమని చెప్పారు. అవతలివాడు ఎందుకని అడిగి ఉంటాడు.

"ఆపరేషన్ పెట్టుకున్నానయ్యా. ఆయ్, రెండోసారే," అన్నారు. కాసేపు విన్నారు. "అబ్బే, ఎవరూ భయపెట్టలేదు. దాదాపు సగం వెనక్కొచ్చేస్తుంది. నేను చూశాను."

ఫోను నాకిచ్చి లేచారు. అటుగా వెళ్తున్న నర్సుని ఆపి, ఆసుపత్రిలో చేరేవాళ్ళ పేర్లు ఎక్కడ రాస్తారమ్మా అని అడిగి, ఆవిడ చూపించిన వైపు మాకంటే ముందు నడిచారు.